ఆ పాత బ్రేకు సిలిండర్‌ని తుక్కులో వేయకండి

ప్రశ్న: మా దగ్గర హిల్‌మన్ మింక్స్ కారు ఉంది. కాగితాల్లో 1959 అని రాసి ఉంది. చాలా ఏళ్లు షెడ్డులో మూలన పడి ఉన్న బండి. ఏడాదిన్నరగా బాగుచేయిస్తున్నాను. ఇంజిన్ తిరుగుతోంది. తుప్పు తిన్న చోట్ల రేకు మార్పించాను. ఇప్పుడు సామాన్ల దగ్గర పని ఆగిపోయింది. వెనక కుడి చక్రం బ్రేకు సిలిండర్ లోపల గుంటలు పడ్డాయి. ఇంజిన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగిలింది. ఎడమవైపు వెనక లైటు అద్దం మూడు ముక్కలైంది. డోర్ హ్యాండిళ్ల మీద క్రోమ్ పూత పొక్కులు తేలింది. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు రాయిలా గట్టిపడింది. స్పీడోమీటర్ ముల్లు కదలడం లేదు. ఆన్‌లైన్‌లో ఒకాయన "పెట్టె కూడా విప్పని పాత స్టాక్ సిలిండర్ ఉంది, సగం డబ్బు ముందు పంపండి" అంటున్నాడు. మా మెకానిక్ మాత్రం "పాత సిలిండర్లు తుక్కులో వేసేద్దాం, కొత్త బండివి తెచ్చి కట్టేస్తాను" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి. ముందు ఆ పాత సిలిండర్ ఎక్కడుందో చూడండి. ఇప్పటికే తుక్కు డబ్బాలో పడి ఉంటే చెయ్యి పెట్టి బయటికి తీయండి. లైటు అద్దం మూడు ముక్కలూ అంతే, ఒక గుడ్డలో చుట్టి దాచండి. పాత కార్ల పనిలో నేను చూసిన పెద్ద నష్టాలన్నీ సామాను దొరక్క జరిగినవి కావు. "ఎలాగూ పనికిరాదు కదా" అని పాతది పారేయడం వల్ల జరిగినవి. పనికిరాని ఆ ముక్కే కొత్తదానికి కొలత, చిరునామా. అవసరమైతే అచ్చు కూడా అదే.

చిరునామా అని ఊరికే అనలేదు. సిలిండర్‌లోంచి పిస్టన్, రబ్బర్లు తీసేసి, ఖాళీ గుల్లను ఒక రాత్రి కిరసనాయిల్లో నానబెట్టండి. పొద్దున ఇత్తడి తీగల బ్రష్షుతో నెమ్మదిగా తోమండి. గ్రైండర్ పెట్టారంటే మురికితో పాటు అక్షరాలూ పోతాయి. ఆరాక సుద్దపొడి రుద్ది, బొటనవేలితో ఒకసారి తుడిచి, టార్చిలైటు పక్కనుంచి వేసి చూడండి. ఉబ్బెత్తు గీతల అంచుల్లో పొడి నిలబడుతుంది. తయారుచేసిన కంపెనీ పేరు, ఒక నంబరు, చాలా సిలిండర్ల మీద బోరు (లోపలి రంధ్రం) కొలత అంగుళాల్లో, అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఏడాదిన్నరగా మీరు వెతుకుతున్నది అదే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అయింది.

ఎందుకంటే మీ కారులో చాలా సామాన్లు హిల్‌మన్ వాళ్లు చేసినవి కావు. హిల్‌మన్ అన్నది రూట్స్ గ్రూప్ అనే బ్రిటిష్ సంస్థ పెట్టుకున్న పేర్లలో ఒకటి. డైనమో, డిస్ట్రిబ్యూటర్, లైట్లు లూకాస్ అనే కంపెనీ నుంచి వచ్చేవి. మీటర్లు స్మిత్స్ అనే కంపెనీ నుంచి. బ్రేకులు చేసే కంపెనీలు వేరే ఉండేవి, బేరింగులు చేసేవి వేరే. ఒకే సిలిండర్, ఒకే డైనమో నాలుగైదు రకాల కార్లకు వెళ్లేది. కాబట్టి "హిల్‌మన్ మింక్స్ వీల్ సిలిండర్" అని వెతికితే దొరికేది తక్కువ, దొరికినా ధర ఎక్కువ, ఎందుకంటే అమ్మేవాడికీ అది అరుదైనదేనని తెలుసు. అదే వస్తువు నంబరు కొట్టి వెతికితే, అది ఏ కారుదో కూడా తెలియని వాళ్ల అరల్లోంచి బయటపడుతుంది.

మీ బండికి చుట్టాలు కూడా చాలామందే ఉన్నారు. సింగర్ గజెల్, సన్‌బీమ్ రేపియర్ మీ మింక్స్‌కి అన్నదమ్ముల లాంటివి. గ్రిల్, సీట్లు, హంగులు వేరైనా లోపలి ఎముకలు చాలావరకు ఒకటే. జపాన్‌లో ఇసుజు కంపెనీ 1953 నుంచి 1964 దాకా లైసెన్స్ మీద హిల్‌మన్ మింక్స్ తయారుచేసింది. అంటే మీకు కావలసిన హ్యాండిలో, బిగింపో ఇసుజు పేరుతో ఎక్కడో ఒక పెట్టెలో ఉండొచ్చు. తర్వాత రూట్స్ గ్రూప్ 1967లో క్రైస్లర్ చేతికి పోయింది, 1978లో అక్కణ్నుంచి పెజో చేతికి. హిల్‌మన్ పేరు 1976తోనే ఆగిపోయింది. పేరు ఇన్ని చేతులు మారినా సామాన్ల మీద పోతపోసిన నంబర్లు మారలేదు.

ఇక్కడ ఒక గోతి ఉంది, చూసుకోండి. కాగితాల్లో 1959 అన్నారు. మింక్స్ సిరీస్ 3 బండి 1958 చివర్లో వచ్చింది, 1959 చివర్లో దాని స్థానంలో 3ఎ వచ్చింది. రెండింటికీ 1494 సీసీ ఇంజినే, కానీ మిగతా సామాన్లన్నీ ఒకటే అనుకోవద్దు. పైగా కాగితాల్లో ఉండేది బండి రిజిస్టరైన ఏడాది. ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చి షోరూములో నెలల తరబడి నిలబడ్డ బండ్లు చాలా ఉండేవి. కాబట్టి ఏడాది పక్కనపెట్టి, బానెట్ ఎత్తి చాసిస్ నంబరు పలక చదవండి. ఆ కాలపు పార్ట్స్ పుస్తకాల్లో "ఫలానా చాసిస్ నంబరు దాకా ఇది, అక్కణ్నుంచి ఇది" అని విడదీసి రాసేవారు. ఆ గీతకు మీ బండి ఎటువైపు ఉందో తెలియకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టకండి. పార్ట్స్ పుస్తకం, వర్క్‌షాపు మాన్యువల్ వేర్వేరు. మాన్యువల్ ఎలా విప్పాలో చెబుతుంది, పార్ట్స్ పుస్తకం ఏ నంబరు కావాలో చెబుతుంది. మీకు ముందు కావలసింది రెండోది.

లూకాస్ సామాన్ల మీద ఇంకో సౌకర్యం ఉంది. నంబరు పక్కనే నెల, ఏడాది చిన్న అంకెల్లో కొట్టి ఉంటాయి. నా బండి డైనమో విప్పినప్పుడు దాని గుల్ల మీద "5 58" అని కనిపించింది. అంటే 1958 మే. బండి కూడా అదే వేసవిలో తయారైంది కాబట్టి ఆ డైనమో బండితో పుట్టిందేనని తేలింది. అప్పటిదాకా దాన్ని మార్చేద్దామనుకుంటున్నవాణ్ని, మనసు మార్చుకుని బుష్షు, కార్బన్ బ్రష్షులు మాత్రం వేయించి మళ్లీ బిగించాను.

సరే, సిలిండర్. బ్రేకు కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

లోపలి గోడ మీద వేలిగోరు అడ్డంగా నడిపించండి. మచ్చ కనిపించినా గోరుకు తగలకపోతే సన్నటి హోనింగ్‌తో (సానరాళ్లతో లోపల రుద్దడం) సరిపోవచ్చు. గోరు ఆగిందంటే మాత్రం అది గుంట. దాన్ని అరగదీసి పోగొట్టాలని చూస్తే బోరు పెద్దదైపోతుంది, రబ్బరు కప్పు గోడను సరిగా పట్టదు, మొదట్లో బాగానే ఉన్నట్టుండి ఒకరోజు ఆయిల్ కారుతుంది. గుంటలు పడ్డ సిలిండర్‌కి సరైన మందు స్లీవు వేయడం. లేత్ మీద బోరును పెద్దదిగా కోసి, అందులో స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టమో ఇత్తడి గొట్టమో గట్టిగా దింపి, ఆ గొట్టాన్ని మళ్లీ అసలు కొలతకు తీస్తారు. అప్పుడు పాత గుల్ల, పాత బిగింపు, పాత నంబరు అన్నీ అలాగే ఉంటాయి, రబ్బరు నడిచే దారి మాత్రం కొత్తది. ఇక తుప్పు పట్టదు. నన్నడిగితే అరల్లో అరవై ఏళ్లు నిద్రపోయిన కొత్త సిలిండర్ కన్నా, స్లీవు వేసిన పాత సిలిండరే మేలు.

కొలత విషయంలో రాజీ వద్దు. ముప్పావు అంగుళం బోరు అంటే 19.05 మిల్లీమీటర్లు. "19కి తీస్తే చాలులే" అనే పనివాడికి ఇవ్వకండి. కొలత మాత్రమే కాదు, స్లీవు దింపాక ఆయిల్ వచ్చే రంధ్రం, గాలి తీసే రంధ్రం మళ్లీ తొలవాలి. తొలిచిన చోట లోపలివైపు లేచిన పదునైన అంచును నున్నగా తీయాలి. అది తీయకపోతే మొదటిసారి పిస్టన్ దూర్చేటప్పుడే కొత్త రబ్బరు పెదవి తెగుతుంది. అది కంటికి కనపడని గాటు. పని ఒప్పుకునే ముందే "ఈ అంచు ఎలా తీస్తారు?" అని అడగండి. ఆ ప్రశ్న వినగానే తన దగ్గరున్న చిన్న రాయో బ్రష్షో తెచ్చి చూపించేవాడైతే పని ఇచ్చేయండి.

పెడల్ తొక్కితే చక్రాలకు ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండర్‌కి కూడా స్లీవు వేయిస్తారు కాబట్టి ఒక్కమాట. దాని లోపల రిజర్వాయర్‌లోకి (ఆయిల్ డబ్బాలోకి) తెరుచుకునే రెండు రంధ్రాల్లో ఒకటి సూది మొనంత సన్నగా ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు వేడెక్కి పెరిగిన ఆయిల్ వెనక్కి పోయేది దాని గుండానే. స్లీవు వేసినవాళ్లు దాన్ని తొలవడం మరిచిపోయినా, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ తొలిచినా బ్రేకు పట్టేసి వదలదు. అయిదారు మైళ్లు పోయాక డ్రమ్ములు కాలిపోతుంటే జనం బ్రేకు షూలను తిడతారు. తప్పు ఆ సూది రంధ్రానిది.

ఇక ఆన్‌లైన్‌లో సగం డబ్బు ముందు పంపమన్న పెద్దమనిషి. ఆయన మోసగాడని అనడం లేదు. కానీ "పెట్టె విప్పని పాత స్టాక్" అన్న మాటకు బ్రేకుల విషయంలో విలువ లేదు. ఇనుము అరలో ఉన్నా పాడవకపోవచ్చు. రబ్బరు మాత్రం వాడకపోయినా ముసలిదవుతుంది. నేనూ ఒకసారి ఇలాగే మురిసిపోయాను. అట్టపెట్టె, మైనపు కాగితం, లోపల మెరిసే సిలిండర్. చూడగానే పండగ. బిగించాను, గాలి తీశాను, పెడల్ రాయిలా నిలబడింది. మర్నాడు ఉదయం పెడల్ మీద కాలు పెడితే నేలదాకా దిగిపోయింది. విప్పి చూస్తే రబ్బరు కప్పు పెదవి బిరుసెక్కి, వంచితే చిట్లిన తోలులా సన్నటి గీతలు. మంచికి అది షెడ్డులోనే జరిగింది. కాబట్టి పాత స్టాక్ కొన్నా సరే, లోపలి రబ్బర్లు తీసి పారేసి, ఇప్పటి బ్రేకు ఆయిల్‌కు తగిన కొత్త రబ్బర్ల కిట్ వేయాలి. అలా కిట్ వేయాల్సిందే అయినప్పుడు ఆ పెట్టెకు అంత ధర దేనికి? అయినా కొంటానంటే నంబరు కనిపించేలా, బోరు లోపలికి వెలుతురు వేసి, పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టి తీసిన ఫొటోలు అడగండి. ఎక్కణ్నుంచో దించిన ఫొటో పెట్టినవాడు అక్కడే తప్పుకుంటాడు. అవి రాకుండా సగం డబ్బు కాదు, పావలా కూడా పంపకండి.

సిలిండర్‌ని కిరసనాయిల్లో కడగమన్నాను కదా, బిగించే ముందు మాత్రం ఆ వాసన కూడా మిగలకూడదు. స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టాలి. కిరసనాయిల్, గ్రీజు, ఇంజిన్ ఆయిల్, ఏది తగిలినా బ్రేకు రబ్బరు ఉబ్బిపోతుంది. పిస్టన్ దూర్చేటప్పుడు బ్రేకు ఆయిలే పూయాలి. ఆ ఆయిల్ కూడా ఒకే రకం. డాట్ 3, డాట్ 4 ఒక జాతివి. డాట్ 5 సిలికాన్, వాటితో కలవదు. ఇంకోటి, డ్రమ్ము విప్పగానే కంప్రెసర్ గాలి కొట్టే అలవాటు ఉంటే మాన్పించండి. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టేయాలి.

మీ మెకానిక్ మాట పూర్తిగా కొట్టిపారేయడం లేదు. బేరింగులు, ఆయిల్ సీళ్లు, ఫ్యాన్ బెల్టు లాంటివాటికి ఏ బండి పేరుతోనూ పని లేదు. బేరింగ్ అంచు మీద నంబరు ఉంటుంది. 6204 అని ఉంటే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి కొలత 47, మందం 14. ఆ నంబరుతో ఏ మంచి కంపెనీది తెచ్చినా అదే కొలత. మీ బండిలో అంగుళాల కొలత బేరింగులు కూడా తగులుతాయి, వాటి నంబర్లు వేరే పద్ధతిలో ఉంటాయి కానీ వాటిలో చాలా కొలతలు ఇప్పటికీ తయారవుతున్నాయి. ఆయిల్ సీలుకు లోపలి కొలత, బయటి కొలత, మందం, ఈ మూడూ వెర్నియర్‌తో చూసుకుంటే చాలు. ఇలాంటివాటికి "అసలైనది" అంటూ రెండింతలు పోయడం నా దృష్టిలో వృథా.

బ్రేకులు అలా కాదు. వెనక చక్రానికి పెద్ద బోరు సిలిండర్ వేస్తే ముందు చక్రాలకన్నా వెనకవి ముందు పట్టేస్తాయి, తడి రోడ్డు మీద బండి తోక తిప్పుతుంది. పైగా మరల గొడవ ఒకటుంది. ఆ కాలపు బ్రిటిష్ బ్రేకు పైపుల్లో తరచుగా కనిపించే మర 3/8 అంగుళం యూఎన్‌ఎఫ్ అనే రకం, అంగుళానికి 24 చుట్లు. కొత్త బండ్లలో వచ్చేది ఎం10, ఒక మిల్లీమీటరు పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం). కొలిస్తే మొదటిది 9.5 మిల్లీమీటర్లు, రెండోది 10. ఆ అర మిల్లీమీటరు తేడా చేతికి తెలియదు. సన్నటి నట్టు లావు రంధ్రంలో మూడు నాలుగు చుట్లు హాయిగా తిరిగి, పట్టినట్టే అనిపిస్తుంది. గట్టిగా పెడల్ తొక్కిన రోజు మర ఊడొస్తుంది. పైపు చివర మొగ్గ ఆకారం కూడా రెండు రకాలు, ఒకదానిలో ఒకటి కూర్చోదు. "కొత్త బండివి తెచ్చి కట్టేస్తాను" అన్న మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చేది ఈ మరే. మర కొలిచే గేజి, ఆకుల్లా విప్పేది, చిన్నదొకటి కొని దగ్గర పెట్టుకోండి. పాత బ్రిటిష్ బండిలో విట్‌వర్త్, బీఎస్‌ఎఫ్, యూఎన్‌ఎఫ్ అనే మూడు రకాల మరలూ ఒకే చోట ఎదురు కావచ్చు. లూకాస్ సామాన్ల లోపలి చిన్న మరలు బీఎ అని ఇంకో రకం. అప్పటి ఇంజినీర్లకు మనమీద ఏం కక్షో.

మానిఫోల్డ్ పోత ఇనుము. మామూలు వెల్డింగ్ కొడితే ఆ పూటకి అతుక్కుని, చల్లారేటప్పుడు అతుకు పక్కనే కొత్త పగులు వేస్తుంది. పగులు రెండు కొనల్లో చిన్న రంధ్రాలు తొలిచి, అది ఇంకా పాకకుండా ఆపాలి. తర్వాత మొత్తం ముక్కను నిదానంగా వేడిచేసి, నికెల్ రాడ్డుతో కొంచెం కొంచెంగా పోసి, పొడి సున్నంలోనో బూడిదలోనో పాతిపెట్టి, మర్నాటిదాకా ముట్టుకోకుండా చల్లార్చాలి. ఈ ఓపిక ఉన్న వెల్డరుకే ఇవ్వండి. ఇంటికొచ్చాక ఇంజిన్‌కి ఆనుకునే ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి చూడండి. కింద వెలుతురు కనిపిస్తే ముఖం వంగినట్టు, దాన్ని మిషన్ మీద చదును చేయించాలి. చదును చేయకుండా బిగిస్తే బోల్టులే దాన్ని మళ్లీ పగలగొడతాయి. బహుశా మొదటిసారి పగిలిందీ అందుకే. ఎప్పుడైనా ఇంజిన్ బ్లాక్ నీళ్ల గోడ పగిలితే మాత్రం వేడి జోలికే పోకుండా, లోహపు తాళాలతో చల్లగా కుట్టే పద్ధతి ఉంది, దానికి వెళ్లండి.

లైటు అద్దం సంగతి. ముందుగా ఆ లైటు అద్దం అంచున ఉన్న లూకాస్ అంకెలు చదివి, అదే లైటు ఇంకే కార్లకు వాడారో చూడండి. దొరకకపోతే ఆ మూడు ముక్కలు అతికించి, మచ్చలు పాలిష్ చేసి, సిలికాన్ రబ్బరుతో అచ్చు తీసి, రంగు రెజిన్ పోయించవచ్చు. కుడివైపు బాగున్న అద్దాన్ని అచ్చుకు వాడేముందు రెండు వైపులకూ ఒకే ఆకారమేనా అని పరిశీలించండి, కొన్ని కార్లకు అద్దంలో బింబంలా తిరగబడి ఉంటుంది. రెజిన్ ఎండకు రంగు వెలిసిపోతుంది, కాబట్టి ఎండను తట్టుకునే రకం అడగండి. లోపలి తేనెపట్టు గీతలు కూడా అచ్చులో సరిగా రావాలి. వెనకవాడి లైటు పడగానే మెరిసేది ఆ గీతల వల్లే.

డోర్ హ్యాండిళ్లు జింకు పోత. దీనికి క్రోమ్ పూత వేసేవాళ్లు చాలామంది ఉంటారు, జింకు మీద వేయడం వచ్చినవాళ్లు తక్కువ. స్టీలు బంపరును ముంచే యాసిడ్‌లోనే దీన్నీ ముంచారంటే తీసి చూసేసరికి సగం కరిగి ఉంటుంది. ప్రతి పొక్కునూ తొలిచి శుభ్రం చేసి, రాగి పూత మీద పూత వేసి గుంట నింపి, నున్నగా రుద్ది, ఆపైన నికెల్, ఆపైన క్రోమ్. ముందు ఒక్క హ్యాండిల్ ఇచ్చి చూడండి. నాలుగూ ఒకేసారి ఇవ్వకండి. వెల్డింగ్ ఆలోచనే వద్దు, ఈ లోహం 400 డిగ్రీల లోపే కరిగిపోతుంది. మరీ పాడైతే ఇత్తడితో పోతపోయించవచ్చు. పాతదాన్నే ఇసుకలో అచ్చొత్తి పోస్తే వచ్చేది కాస్త చిన్నదవుతుంది. ఇత్తడి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర వంతు కుంచించుకుంటుంది. ఇరవై సెంటీమీటర్ల హ్యాండిల్‌కి అది మూడు మిల్లీమీటర్లు, తలుపు రంధ్రాల్లో కూర్చోకపోవడానికి అంతే చాలు. అందుకే నమూనాను ముందే ఆ మేరకు పెంచాలి. త్రీడీ ప్రింటింగ్ నిజంగా పనికొచ్చేది ఇక్కడ. పాతదాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో ఒకటిన్నర వంతు పెంచి, ప్లాస్టిక్ నమూనా తీసి, పోతవాడికి ఇవ్వండి. అంతేగానీ ప్రింట్ చేసిన ముక్కనే స్టీరింగుకో బ్రేకుకో వాడమని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి. డాష్‌బోర్డు బొత్తాలకు సరే, అదీ పీఎల్ఏ అనే చవక రకం కాకుండా. అది 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, ఎండలో తలుపులు మూసి నిలబెట్టిన కారులో సొట్టపోతుంది.

అద్దం రబ్బరుకు ఒక సులువు. పాత రబ్బరును పదునైన బ్లేడుతో అడ్డంగా, దోసకాయ చక్రంలా సన్నటి బిళ్లగా కోయండి. ఆ బిళ్లను స్టాంపు ప్యాడ్ మీద అద్ది తెల్లకాగితం మీద ఒత్తండి. గాడి వెడల్పు, పెదవి వంపు, అన్నీ అసలు కొలతలో అచ్చుపడతాయి. పక్కనే స్కేలు పెట్టి ఫొటో తీసి రబ్బరు బీడింగులు చేసేవాళ్లకు పంపితే, వాళ్ల దగ్గరున్న వందల నమూనాల్లో సరిపోయేది ఏదో చెప్పేస్తారు. ఫోన్లో గంటసేపు వర్ణించినా తేలనిది ఆ సిరా ముద్రతో తేలిపోతుంది. రబ్బరు గట్టిపడి ఉంటే లాగి అద్దం బయటికి తీయాలని చూడకండి, చుట్టూ కోసేయండి. వంపు తిరిగిన పాత ముందు అద్దం పగిలితే దొరకడం రబ్బరంత సులభం కాదు. పక్క తలుపుల చదును అద్దాలు లామినేటెడ్ షీటు కోసి ఎవరైనా చేస్తారు, వాటికి బెంగ లేదు.

స్పీడోమీటర్ బహుశా కేబుల్ తెగి ఉంటుంది, లేదా లోపల పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. ముందు కేబుల్ విప్పి వేళ్లతో తిప్పి చూడండి. ఒకవేళ వేరే మీటర్ వేయాల్సి వస్తే, స్మిత్స్ మీటర్ ముఖం మీద కింద చిన్నగా నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మైలు దూరానికి కేబుల్ అన్నిసార్లు తిరగాలని దాని అర్థం. అది మీ పాతదానితో కలవకపోతే మీటర్ ఎంత అందంగా మెరిసినా అబద్ధమే చెబుతుంది.

ఎక్కడ వెతకాలి అన్నదానికి నా అనుభవంలో వరస ఇది. మొదట రూట్స్ కార్ల యజమానుల సంఘాలు. మీరు పడుతున్న పాట్లు అక్కడ ఇరవై ఏళ్ల కిందటే ఎవరో పడి ఉంటారు, కొన్ని సంఘాలు అరుదైన సామాన్లను సొంతంగా చేయించి సభ్యులకు అమ్ముతాయి కూడా. తర్వాత పాత సామాన్ల సంతలు. ఇంగ్లండ్‌లో బ్యూలీ సంత 1967 నుంచి, అమెరికాలో హెర్షీ సంత 1955 నుంచి జరుగుతున్నాయి. మీరు వెళ్లక్కర్లేదు, వెళ్లేవాళ్లకు నంబర్ల చీటీ ఇస్తే చాలు. చీటీలో వస్తువు పేరు కన్నా నంబరు పెద్దగా రాయండి. ఇక, చోటుంటే, బాడీ మొత్తం పోయిన మరో మింక్స్ కొనడం. విడివిడిగా ఇరవై సామాన్లు కొనడం కన్నా ఒక్కోసారి అదే చవక, పైగా ఏ బోల్టు ఎక్కడ ఉండాలో చూసుకోవడానికి ఎదురుగా ఒక బొమ్మ ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఏమంటారన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి.

పనుల వరస గురించి అడగకపోయినా చెబుతున్నాను. క్రోమ్ పని చివర్లో పెట్టుకోండి. అందరూ ముందు హ్యాండిళ్లు మెరిపించుకుని, డబ్బు అక్కడే ఖర్చయిపోయి, బ్రేకులు లేని బండిని మెరిసే హ్యాండిళ్లతో అమ్ముకుంటారు. ముందు సిలిండర్లు, పైపులు, రబ్బరు హోసులు. హోసులు మాత్రం ఎప్పుడూ కొత్తవే. తర్వాత మానిఫోల్డ్.

ఎడమ వెనక చక్రం డ్రమ్ము ఇంకా విప్పకపోతే విప్పకండి. కుడివైపు స్ప్రింగులు ఏ రంధ్రంలో తగిలించి ఉండేవో ఇప్పటికే మరిచిపోయి ఉంటారు. కుడిది బిగించే రోజున ఎడమది తెరిచి, ఫొటో తీసి, దాన్ని చూస్తూ బిగించండి. అది మీకు తిరగబడిన బొమ్మలా కనిపిస్తుంది, ముందువైపు ఏదో వెనకవైపు ఏదో సుద్దతో రాసుకోండి. సిలిండర్ మీద నంబరు చదవగలిగాక ఫొటోతో పాటు పంపితే, అదే సిలిండర్ ఇంకా ఏయే కార్లకు వెళ్లిందో చూసి చెబుతాను.